గిటార్ యాంప్‌లో పవర్ ట్యూబులు ఎర్రబడుతున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

యాంప్ వెనక నుంచి చూస్తే పవర్ ట్యూబ్ లోపలి రేకు నిప్పులా కణకణలాడుతోందా? అయితే ముందు యాంప్ ఆపేయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

దీన్ని రెడ్ ప్లేటింగ్ అంటారు. చాలామంది వెంటనే కొత్త ట్యూబులు కొని పెట్టేస్తారు. కారణం తెలుసుకోకుండా పెట్టిన కొత్త జత కూడా అదే దారి పడుతుంది. ఈ పేజీ రాయడానికి అదే కారణం.

ట్యూబులు వేడెక్కడం మామూలే కదా? ఎప్పుడు కంగారుపడాలి?

ట్యూబ్ పనిచేసేదే వేడి మీద. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి ఉండటం తప్పు కాదు. మధ్యలో సన్నగా కనిపించే నారింజ రంగు వెలుగు హీటర్‌ది, అది ఉండాల్సిందే. గాజు లోపలి వైపు నీలిరంగు వెలుగు కనిపిస్తే చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. అది ఎలక్ట్రాన్లు గాజుకు తగిలి వచ్చే వెలుగు, ఆరోగ్యంగా ఉన్న ట్యూబులోనూ వస్తుంది. మీరు గట్టిగా వాయిస్తే అది ఊగుతుంది కూడా.

చూడాల్సింది బయటకు కనిపించే బూడిదరంగు లేదా నల్లటి రేకుని. అదే ప్లేటు. దాని మీద ఎక్కడైనా ఎర్రటి మచ్చ మొదలైందంటే లెక్క తప్పినట్టే. మొదట్లో మసక ఎరుపుగా, ప్లేటు మధ్యలోనో అతుకు పక్కనో వస్తుంది. గదిలో లైట్లు ఆపి చూస్తే తొందరగా పట్టుకోవచ్చు. అలా వదిలేస్తే రేకంతా ఎర్రబడి నారింజ రంగుకు వెళ్తుంది.

ఇంకో రెండు గుర్తులు ఉన్నాయి. నీలి వెలుగు గాజు మీద కాకుండా లోహపు భాగాల మధ్య గులాబీ, ఊదా రంగు పొగలా పట్టి ఉంటే ట్యూబులో గ్యాస్ చేరింది. గాజు లోపల అద్దంలా మెరిసే వెండి పూత తెల్లగా మారిపోతే లోపలికి గాలి వెళ్ళింది, ఆ ట్యూబ్ పని అయిపోయింది.

అసలు ప్లేటు ఎందుకు ఎర్రబడుతుంది?

కెథోడ్ నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లు వందల వోల్టుల ఆకర్షణతో వచ్చి ప్లేటును గుద్దుకుంటాయి. ఆ శక్తి వేడి అవుతుంది. ప్లేటు వోల్టేజిని, దానిలో ప్రవహించే కరెంటుతో గుణిస్తే ఎన్ని వాట్ల వేడో తెలుస్తుంది. ప్రతి ట్యూబుకీ ఒక హద్దు ఉంది. ఈఎల్84కి 12 వాట్లు, ఈఎల్34కి 25, 6ఎల్6జీసీకి 30. వాయించకుండా ఊరికే ఉన్నప్పుడే 450 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపియర్లు పోతుంటే 45 వాట్లు. 30 వాట్ల ప్లేటు దాన్ని తట్టుకోలేదు.

మరి ఆ కరెంటును అదుపులో పెట్టేది ఎవరు? కంట్రోల్ గ్రిడ్. దాని మీద ఉండే మైనస్ వోల్టేజి ఎలక్ట్రాన్లను వెనక్కి నెడుతూ ఉంటుంది. దాన్నే బయాస్ అంటాం. ఆ మైనస్ తగ్గినా, పూర్తిగా పోయినా కుళాయి మొత్తం తిప్పేసినట్టే. అందుకే రెడ్ ప్లేటింగ్ చూసినప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: గ్రిడ్ దగ్గర ఉండాల్సిన మైనస్ ఎక్కడ పోయింది? పది కేసుల్లో ఎక్కువ భాగం ఆ ప్రశ్నతోనే తేలిపోతాయి.

ఎర్రబడటం చూశాను. వెంటనే ఏం చేయాలి?

పవర్ స్విచ్ ఆపండి. పాట పూర్తయ్యేదాకా ఆగకండి. కొన్ని సెకన్లలో ఆపితే ట్యూబ్ బతికే అవకాశం ఉంది. నిమిషాలు గడిస్తే ట్యూబుతో పాటు స్క్రీన్ (కంట్రోల్ గ్రిడ్‌కీ ప్లేటుకీ మధ్య ఉండే రెండో గ్రిడ్) రెసిస్టర్, ఆ పైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. ట్యూబ్ మార్చడం తేలిక. ట్రాన్స్‌ఫార్మర్ అలా కాదు.

ఫ్యూజ్ పోయి ఉంటే అదే రేటింగ్ ఉన్నదే వేయాలి. మళ్ళీ పోతోందని పెద్ద ఫ్యూజ్ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌నే ఫ్యూజ్‌గా వాడుకున్నట్టు.

నేనే విప్పి చూడొచ్చా?

ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. ఈ యాంపుల లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలవ ఉండొచ్చు. ప్రాణం తీయడానికి అది చాలు. హై వోల్టేజి మీద కొలిచిన అనుభవం లేకపోతే, కింద చెప్పిన ట్యూబుల మార్పిడి పరీక్ష వరకూ చేసి, మిగతాది తెలిసిన టెక్నీషియన్‌కి అప్పగించండి. ఆ పరీక్ష ఫలితం చెప్పినా ఆయనకు సగం పని తగ్గుతుంది.

అనుభవం ఉన్నవాళ్ళయినా ఇవి మరవద్దు. ప్లగ్ పీకాక 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లతో ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్‌కీ ఛాసిస్‌కీ (యాంప్ లోపలి లోహపు పెట్టెకి) మధ్య పెట్టి డిశ్చార్జ్ చేయాలి. తర్వాత మీటర్‌తో కొలిచి సున్నాకి వచ్చిందని కళ్ళారా చూడాలి. యాంప్ ఆన్‌లో ఉండగా కొలిచేటప్పుడు మీటర్ నల్ల వైరును ఛాసిస్‌కి క్లిప్పు పెట్టేసి, ఒక్క చేత్తోనే పని చేయండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. ట్యూబులు ఉన్నంతసేపూ స్పీకర్ కనెక్ట్ అయ్యే ఉండాలి.

ఒక్క ట్యూబే ఎర్రబడుతోంది. ట్యూబ్ పోయిందా, యాంప్‌లో తప్పుందా?

దీనికి అన్నిటికంటే తేలికైన పరీక్ష ఉంది. యాంప్ ఆపి, ట్యూబులు చల్లారాక, ఎర్రబడిన ట్యూబునీ పక్కదాన్నీ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టండి. ఆన్ చేసి కళ్ళు తిప్పకుండా చూడండి. ఎరుపు మొదలవగానే ఆపేయండి.

ఎరుపు ట్యూబుతో పాటు కొత్త సాకెట్‌కి వెళ్ళిందంటే తప్పు ట్యూబుది. ఎరుపు అదే సాకెట్‌లో ఉండిపోయి, ఇప్పటిదాకా బాగున్న ట్యూబ్ అక్కడికి రాగానే ఎర్రబడిందంటే తప్పు ఆ సాకెట్‌కి వచ్చే సర్క్యూట్‌ది. అన్ని ట్యూబులూ ఎర్రబడుతుంటే అందరికీ కలిపి మైనస్ పంపే బయాస్ సప్లై వైపు చూడాలి. నాలుగు ట్యూబుల యాంప్‌లో ఒకే వైపున్న రెండు ఎర్రబడితే, ఆ వైపు ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ను రెండుగా చేసి రెండు వైపుల పవర్ ట్యూబులకూ పంపే దశ) నుంచి వచ్చే దారిని అనుమానించాలి.

అన్నీ ఎర్రబడుతున్నాయి. బయాస్ సప్లైని ఎలా పరీక్షించాలి?

ముందు పవర్ ట్యూబులన్నీ పీకేయండి. చిన్న ట్యూబులు ఉండనివ్వండి. యాంప్‌ను స్టాండ్‌బైలో పెట్టి ఆన్ చేయండి. స్టాండ్‌బై ఉన్న చాలా యాంపుల్లో అప్పుడు హై వోల్టేజి ఆగిపోతుంది, బయాస్ మాత్రం ఉంటుంది. ఈఎల్34, 6ఎల్6, 6వీ6 వాడే సాకెట్లలో 5వ పిన్ కంట్రోల్ గ్రిడ్. ఈఎల్84 అయితే 2వ పిన్. మీటర్ డీసీలో పెట్టి ఛాసిస్ నుంచి ప్రతి సాకెట్ గ్రిడ్ పిన్‌కి కొలవండి. 5వ పిన్ గ్రిడ్ అయిన సాకెట్లలో పక్కనే ఉన్న 4వ పిన్ స్క్రీన్‌ది, 3వది ప్లేటుది. స్టాండ్‌బై తీశాక వాటి మీద పూర్తి వోల్టేజి ఉంటుంది, కాబట్టి మీటర్ మొన జారకూడదు.

6ఎల్6కి దాదాపు మైనస్ 45 నుంచి 55, ఈఎల్34కి మైనస్ 32 నుంచి 45 మధ్య కనిపించడం మామూలు. యాంప్‌ను బట్టి అటూ ఇటూ ఉంటుంది. అన్ని సాకెట్లలో సున్నా వస్తే, లేదా మైనస్ 10, 15 దగ్గర ఆగిపోతే బయాస్ సప్లై పోయింది.

ఆ సర్క్యూట్ చిన్నదే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ వస్తుంది, ఒక రెసిస్టర్, ఒక డయోడ్, ఒకటో రెండో కెపాసిటర్లు, ఒక పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్). డయోడ్ తెగిపోతే సున్నా. కెపాసిటర్ ఎండిపోతే మైనస్ తగ్గుతుంది, హమ్ కూడా పెరుగుతుంది. పాట్ లోపలి స్పర్శ వదిలేస్తే గ్రిడ్‌కి ఏమీ అందదు. డయోడ్ నుంచి మొదలుపెట్టి ఒక్కో చోటా కొలుచుకుంటూ వెళ్తే మైనస్ ఎక్కడ మాయమైందో కనిపిస్తుంది.

కెపాసిటర్ మార్చేవాళ్ళకి ఒక మాట. ఇది మైనస్ సప్లై, కాబట్టి కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కి వెళ్ళాలి. అలవాటు కొద్దీ మైనస్ కాలు గ్రౌండ్‌కి పెట్టేసేవాళ్ళు చాలామంది. కొన్నాళ్ళు పనిచేసినట్టే ఉండి, లీకై, ట్యూబులను తీసుకుపోతుంది. ఇరవై ఏళ్ళు దాటిన యాంప్‌లో ఈ కెపాసిటర్లను మంచిగా ఉన్నా మార్చేయమంటాను.

ఒక్క సాకెట్‌లోనే తప్పు. అక్కడ ఏం చూడాలి?

మూడు అనుమానాలు ఉంటాయి.

మొదటిది కప్లింగ్ కెపాసిటర్. ఫేజ్ ఇన్వర్టర్ ప్లేటు మీద ఉండే వందల వోల్టుల ప్లస్‌ను ఆపి, సిగ్నల్‌ను మాత్రం గ్రిడ్‌కి పంపడం దాని పని. అది కొంచెం లీకైనా ఆ ప్లస్ వచ్చి మైనస్‌ను తినేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి పైన చెప్పిన కొలతనే రెండుసార్లు తీయండి. పవర్ ట్యూబులు లేకుండా ఒకసారి స్టాండ్‌బైలో, ఇంకోసారి స్టాండ్‌బై తీసి ఒక నిమిషం ఆగాక. రెండు సాకెట్లూ మొదట మైనస్ 48 చూపించి, తర్వాత ఒకటి మైనస్ 47లో, రెండోది మైనస్ 30లో ఉంటే దోషి దొరికినట్టే. మామూలు మీటర్ కెపాసిటర్ మోడ్‌లో ఈ లీకు తెలియదు. అది కొన్ని వోల్టులతోనే పరీక్షిస్తుంది. లీకు బయటపడేది వందల వోల్టుల దగ్గర.

రెండోది గ్రిడ్ లీక్ రెసిస్టర్. బయాస్ మైనస్ దీని ద్వారానే గ్రిడ్‌కి చేరుతుంది. చాలా యాంపుల్లో 220 కిలోఓమ్ ఉంటుంది. యాంప్ ఆపి, డిశ్చార్జ్ చేశాక, ఒక వైపు 5వ పిన్ నుంచి రెండో వైపు 5వ పిన్‌కి రెసిస్టెన్స్ కొలవండి. రెండు 220లు కలిసి సుమారు 440 కిలోఓమ్ రావాలి. అంతులేని విలువ చూపిస్తే ఎక్కడో తెగింది.

మూడోది సాకెట్, దాని టంకం. దీన్ని అందరూ చివర్లో చూస్తారు, నేను ముందే చూస్తాను. ట్యూబులు ఎన్నిసార్లు పీకి పెడితే సాకెట్ లోపలి స్ప్రింగులు అంత వదులవుతాయి. గ్రిడ్ పిన్ పట్టు వదిలితే మైనస్ అందదు. సాకెట్‌ను నేరుగా సర్క్యూట్ బోర్డు మీద బిగించిన యాంపుల్లో, వేడెక్కి చల్లారి వేడెక్కి టంకం చుట్టూ సన్నటి పగుళ్ళు వస్తాయి. నా బల్ల మీదికి వచ్చిన ఒక కాంబో యాంప్‌కి అప్పటికే మూడు జతల ట్యూబులు మార్చారు. తప్పు గ్రిడ్ లీక్ రెసిస్టర్ కాలు దగ్గర, భూతద్దంలో తప్ప కనిపించని ఒక పగులు. దాన్ని తిరిగి టంకం పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ మూడు జతలు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది.

సాకెట్ పిన్‌ల మధ్య నల్లగా కాలిన చార ఉంటే శుభ్రం చేసి వాడకండి, సాకెట్ మార్చండి. ఆ మసి కరెంటుకి దారి ఇస్తుంది.

మొదట అరగంట బాగుంటుంది, తర్వాత ఎర్రబడుతుంది. ఎందుకు?

వేడెక్కాక బయటపడే తప్పు ఇది. పైన చెప్పిన పగుళ్ళు, లీకయ్యే కప్లింగ్ కెపాసిటర్ కూడా ఇలా ప్రవర్తిస్తాయి. కానీ మొదటి అనుమానం ట్యూబ్ మీదే. లోపల గ్యాస్ ఉన్న ట్యూబులో గ్రిడ్ కరెంటు పుడుతుంది. అది గ్రిడ్ లీక్ రెసిస్టర్ గుండా పోతూ మైనస్‌ను తగ్గిస్తుంది. మైనస్ తగ్గితే ప్లేటు కరెంటు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, ఇంకా గ్యాస్ విడుదలవుతుంది. ఒకటి ఇంకోదాన్ని తోస్తూ పోతుంది. ట్యూబ్ తీసేస్తే బయాస్ చక్కగా ఉండి, పెట్టి వేడెక్కాక మెల్లగా జారిపోతుంటే ఇదే జరుగుతోంది.

కొత్త ట్యూబులు వేశాకే మొదలైంది. ట్యూబులు చెడ్డవా?

కావచ్చు. కానీ ముందు మీరు బయాస్ సెట్ చేశారా అని అడుగుతాను. ఒకే పేరున్న ట్యూబులే అయినా ఒక్కో జత ఒకే మైనస్ దగ్గర వేర్వేరు కరెంటు లాగుతుంది. ఫిక్స్‌డ్ బయాస్ (గ్రిడ్‌కి విడిగా ఒక సప్లై నుంచి మైనస్ ఇచ్చే) యాంప్‌లో ట్యూబులు మార్చిన ప్రతిసారీ కొలవాల్సిందే.

రకం మార్చి ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. 6ఎల్6కి 45కు పైగా మైనస్ కావాల్సిన చోట ఈఎల్34కి తక్కువ చాలు అన్నది ఒక్కటే తేడా కాదు. ఈఎల్34 హీటర్ 1.5 ఆంపియర్లు లాగుతుంది, 6ఎల్6జీసీ 0.9 మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్ అందుకు సిద్ధంగా ఉండాలి. ఈఎల్34లో 1వ పిన్ సప్రెసర్ గ్రిడ్‌ది, దాన్ని 8వ పిన్‌లోని కెథోడ్‌కి కలపాలి. పాత ఫెండర్ యాంపుల్లో 1వ పిన్ ఖాళీగా ఉంటుంది కదా అని అక్కడ గ్రిడ్ రెసిస్టర్‌ను టంకం పెట్టేవారు. అలాంటి సాకెట్‌లో ఈఎల్34 నేరుగా పెట్టకూడదు. అలాగే ఈఎల్34 యాంప్‌లో 6550 పెడితే, 220 కిలోఓమ్ గ్రిడ్ లీక్ దానికి ఎక్కువ. అప్పట్లో 6550లతో వచ్చిన మార్షల్ యాంపుల్లో 150 కిలోఓమ్ వేయడానికి కారణం ఇదే.

బయాస్ ఎంత ఉండాలి? లెక్క ఎలా?

మైనస్ వోల్టేజి అంకెను చూసి బయాస్ సెట్ చేయకండి. కొలవాల్సింది కరెంటు. కెథోడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ ఉంటే దాని మీద కనిపించే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీఆంపియర్.

క్లాస్ ఏబీ (రెండు వైపుల ట్యూబులు సిగ్నల్‌ను పంచుకుని పనిచేసే రకం), ఫిక్స్‌డ్ బయాస్ యాంపుల్లో ఊరికే ఉన్నప్పుడు ప్లేటు హద్దులో 70 శాతం దాటకూడదని వాడుక. 6ఎల్6జీసీ 30 వాట్లలో 70 శాతం 21 వాట్లు. ప్లేటు మీద 450 వోల్టులు ఉంటే 21ని 450తో భాగించండి, దాదాపు 46 మిల్లీఆంపియర్లు. ఈఎల్34కి 460 వోల్టుల దగ్గర 38. కెథోడ్ దగ్గర కొలిచిన దాంట్లో స్క్రీన్ కరెంటు కూడా కొన్ని మిల్లీఆంపియర్లు కలిసి ఉంటుంది. పాట్ తిప్పితే ప్లేటు వోల్టేజి కూడా మారుతుంది, కాబట్టి రెండూ మళ్ళీ కొలిచి మళ్ళీ లెక్క వేయాలి. ట్యూబులు వేడెక్కడానికి పది, పదిహేను నిమిషాలు ఇచ్చాకే చూడండి.

70 అనేది పై హద్దు. అక్కడికి చేరాలని పట్టుపట్టేవాళ్ళను చూస్తుంటాను. 60 దగ్గర సౌండ్ బాగుంటే అక్కడే ఆపండి, ట్యూబులు ఎక్కువ కాలం ఉంటాయి. మరీ తగ్గిస్తే మాత్రం మెల్లగా వాయించినప్పుడు గరగరలాడుతుంది.

కొన్ని సిల్వర్‌ఫేస్ ఫెండర్లలో పాట్ రెండు వైపులనూ సమానం చేస్తుందే తప్ప మొత్తాన్ని తగ్గించదు. దాన్ని ఎంత తిప్పినా ఎరుపు పోవడం లేదని కంగారుపడొద్దు.

నా యాంప్‌లో బయాస్ పాటే లేదు.

అయితే అది కెథోడ్ బయాస్ కావచ్చు. ఇక్కడ గ్రిడ్ సున్నా దగ్గర ఉంటుంది, కెథోడ్ కింద ఉన్న రెసిస్టర్ కెథోడ్‌ను కొన్ని వోల్టులు పైకి లేపుతుంది. ఫలితం ఒక్కటే. ఫెండర్ 5ఈ3 డీలక్స్‌లో రెండు 6వీ6లకీ కలిపి 250 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, దానికి పక్కనే ఒక కెపాసిటర్. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే బయాస్ మొత్తం పోయి రెండూ ఎర్రబడతాయి. కెథోడ్ మీద సున్నా వోల్టులు, ప్లేటు ఎరుపు, ఈ రెండూ కలిసి కనిపిస్తే దాన్నే ముందు చూడండి. ఈ రకం యాంపులు ప్లేటు హద్దుకు దగ్గరగా నడవడం మామూలు. ఈఎల్84లతో ఉన్న వాక్స్ ఏసీ30 లాంటివి వేడిగా ఉంటాయని పేరు. వేడి వేరు, ఎరుపు వేరు.

ఊరికే ఉంటే బాగుంది, గట్టిగా వాయిస్తే ఎర్రబడుతోంది.

స్పీకర్ ఇంపెడెన్స్ చూడండి. 8 ఓమ్ సాకెట్‌కి 4 ఓమ్ క్యాబినెట్ పెడితే ప్లేట్ల మీద భారం పెరుగుతుంది. ఎక్కువ ఓమ్‌లు పెడితే స్క్రీన్ల మీద పడుతుంది. రెండు క్యాబినెట్లు కలిపినప్పుడు లెక్క తప్పడం తరచూ జరుగుతుంది.

శబ్దమే రావడం లేదు, అయినా ఎర్రబడుతోంది. బయాస్ సరిగ్గానే ఉంది.

చెవికి వినిపించని పౌనఃపున్యంలో యాంప్ తనంతట తనే సిగ్నల్ పుట్టిస్తూ ఉండవచ్చు. ఆసిలోస్కోప్ ఉంటే వెంటనే తెలుస్తుంది. లేకపోతే యాంప్ ఆపి ఫేజ్ ఇన్వర్టర్ ట్యూబ్ తీసి చూడండి. ఎరుపు ఆగితే సమస్య ముందు దశల నుంచి వస్తోంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాక మొదలైతే, ప్లేట్లకు వెళ్ళే రెండు వైర్లూ తారుమారై నెగటివ్ ఫీడ్‌బ్యాక్ కాస్తా పాజిటివ్ అయి ఉంటుంది. ఆ రెండింటినీ మార్చి పెడితే సరిపోతుంది. మిగతా కేసుల్లో గ్రిడ్ స్టాపర్ రెసిస్టర్లు, వైర్లు ఒకదాని పక్కన ఒకటి వెళ్ళే తీరు చూడాలి.

గోడ కరెంటు ఎక్కువ రావడం కారణం కావచ్చా?

అది ఒక్కటే కారణం కావడం అరుదు. 220కి సెట్ చేసిన యాంప్‌కి 240 ఇస్తే లోపలి వోల్టేజీలన్నీ దాదాపు 9 శాతం పెరుగుతాయి, హీటర్ 6.3 నుంచి 6.9కి పోతుంది. ఫిక్స్‌డ్ బయాస్‌లో మైనస్ కూడా కొంత పెరిగి కాపాడుతుంది. వోల్టేజి సెలెక్టర్ తప్పు స్థానంలో ఉంటే మాత్రం పెద్ద విషయమే. దాన్ని ఒకసారి చూడండి.

ఫ్యాన్ పెడితే సరిపోతుందా?

సరిపోదు. ఎరుపు వచ్చేది లోపల. 

ఎర్రబడిన ట్యూబును మళ్ళీ వాడొచ్చా?

కొన్ని సెకన్లే అయితే, గులాబీ వెలుగు లేకపోతే, కరెంటు జతతో సమానంగా, నిలకడగా ఉంటే వాడుకోవచ్చు. నిమిషం పైన కాలిన దాన్ని నేను నమ్మను. గాజు మెత్తబడి లోపలికి గుంట పడిందంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు.

తప్పు దొరికింది, సరిచేశాను. కొత్త ట్యూబులు ఎలా వేయాలి?

ముందు స్క్రీన్ రెసిస్టర్లు కొలవండి. సాధారణంగా 470 ఓమ్ లేదా 1 కిలోఓమ్ ఉంటాయి, రెడ్ ప్లేటింగ్ తర్వాత ఇవి తెగిపోయి లేదా విలువ మారిపోయి ఉండటం తరచూ చూస్తాం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మధ్య ట్యాప్ నుంచి రెండు ప్లేట్లకూ డీసీ రెసిస్టెన్స్ కొలవండి. రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి, అచ్చంగా సమానం కానక్కర్లేదు.

బయాస్ పాట్‌ను ఎక్కువ మైనస్ వచ్చే చివరికి తిప్పి, ట్యూబులు లేకుండానే ప్రతి గ్రిడ్ పిన్ దగ్గర మైనస్ ఉందని మరోసారి నిర్ధారించుకోండి. అప్పుడు యాంప్ ఆపి, డిశ్చార్జ్ చేసి, ట్యూబులు పెట్టి, స్పీకర్ కలిపి ఆన్ చేయండి. కరెంటును మెల్లగా పైకి తీసుకురండి. సెట్ అయ్యాక గంటసేపు వదిలేసి, మధ్యమధ్య లైట్లు ఆపి ప్లేట్లను చూడండి. ఆఖర్లో ఫుల్ వాల్యూమ్‌లో పది నిమిషాలు వాయించి, అది ఆపగానే కరెంటు మళ్ళీ కొలవండి. మొదట రాసుకున్న అంకె దగ్గరే ఉంటే వెనక ప్యానెల్ బిగించేయొచ్చు.